కోరలు పీకిన మంత్రగత్తెలు

1996 నాటి హాలీవుడ్ మంత్రగత్తెల సినిమా ‘ద క్రాఫ్ట్’ను కాకినాడ హాస్టల్లో అద్దె క్యాసెట్టు తెచ్చుకుని చూశాం. ఆ సెలవుల్లో అమలాపురం వచ్చాక, పెరట్లో కొబ్బరి మట్ట రాలినా ఉలిక్కిపడేదాన్ని. మొన్న ముసురు పట్టిన రాత్రి 2020లో దానికి కొనసాగింపుగా వచ్చిన ‘ద క్రాఫ్ట్: లెగసీ’ పెట్టుకున్నాను.

మళ్లీ నలుగురమ్మాయిలు, మళ్లీ మంత్రాలు. భయమే రాదు. పాతదానిలో ఫెయిరుజా బాల్క్ కళ్లు పెద్దవి చేసి నవ్వితే ఒళ్లు జలదరించేది. ఇందులో అంత పొగరున్న పిల్ల ఒక్కతీ లేదు, అందరూ బుద్ధిమంతులే! డేవిడ్ డుకోవ్నీ విలనీ హడావిడిగా ముగిసిపోతుంది.

మధ్యలో కరెంటు పోయింది. గాలికి వంటింటి తలుపు టపటపా కొట్టుకుంది. ఆ రాత్రి నేను జడుసుకున్నది ఆ చప్పుడుకే. చివర్లో బాల్క్ క్షణంపాటు కనిపించేసరికి పూతరేకుల పొట్లం ఖాళీ.