హైలక్స్‌తో మూడేళ్లు: మన్యం రాళ్లు, నల్లరేగడి, లంక ఇసుక

2022 చివర్లో తీసుకున్న టొయోటా హైలక్స్ ఆటోమేటిక్ పికప్ ట్రక్కును ఇప్పటికి 62,000 కిలోమీటర్లు నడిపాను. అందులో చాలా భాగం మా పొలం దారిలోనూ, రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, మారేడుమిల్లి మీదుగా మన్యం ఊళ్లకు వెళ్లే మట్టిదారుల్లోనూ గడిచింది. తారు రోడ్డు మీద దీని వేగం చాలినంత ఉంది; అంతకుమించి చెప్పవలసిందేమీ లేదు. దారి పాడయ్యాకే ఈ బండి రుచి తెలుస్తుంది.

దీని 2.8 లీటర్ల డీజిల్ ఇంజను నిమిషానికి 1,600 చుట్ల (ఆర్‌పీఎం) దగ్గరే 500 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్, అంటే తిప్పే బలం, ఇస్తుంది. ఆ అంకెకు అర్థం మొదటి వర్షాకాలంలో బోధపడింది. వాన వెలిసిన మర్నాడు ఒక రాతి ఎత్తు ముందు బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, డయల్‌ను ఎల్4కు (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో తిరిగే గేరుకు) తిప్పి, ఆక్సిలరేటర్ మీద పాదం ఊరికే ఆనించాను. సుమారు రెండు టన్నుల బండి మనిషి నడకకన్నా నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా, ఒక్కో రాయినీ తడిమి చూసుకుంటున్నట్టు పైకి పాకింది. ఒక వెనక చక్రం గాలిలోకి లేచి ఊరికే తిరుగుతున్నప్పుడు డిఫరెన్షియల్ లాక్ (వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా బిగించే ఏర్పాటు) వేస్తే, నేల మీదున్న రెండో చక్రం పట్టు దొరకబుచ్చుకుని బండిని నెడుతుంది. ఆ నెట్టుడు నడుముకు తగిలే క్షణం కోసమే నేను మళ్లీ మళ్లీ ఆ దారులకు వెళుతున్నాను.

మా పొలం నల్లరేగడి. తడిసిన రేగడి టైరు గాడుల్లో నిండిపోతే ఇంజను బలం ఎంతున్నా చక్రం జారుతూనే ఉంటుంది కాబట్టి, మట్టిలోనూ రాళ్లలోనూ పట్టు ఇచ్చే ఆల్ టెర్రెయిన్ టైర్లు వేయించాకే నాకు ధైర్యం వచ్చింది. గోదావరి లంకల ఇసుకలోనైతే టైర్లలో గాలిని 18 పీఎస్‌ఐకి (పీఎస్‌ఐ అంటే గాలి ఒత్తిడి కొలత) తగ్గించి, ఊపు తగ్గకుండా నడపాలి. తిరిగి రోడ్డెక్కే ముందు నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉండాలి. నీటిలో 700 మిల్లీమీటర్ల లోతు వరకు వెళ్లవచ్చని కంపెనీ చెబుతుంది. అయినా నేను కర్రతో నడిచి చూడందే వాగులో దిగను, నీరు ఎర్రబడితే అసలే దిగను.

బండి పొడవు 5,325 మిల్లీమీటర్లు. ఆ పొడవు వల్ల ఒకసారి పొలం గట్టును నేరుగా దాటబోతే బండి కడుపు గట్టుకు ఆని నిలిచిపోయింది. ట్రాక్టరు తెచ్చి లాగించవలసి వచ్చింది. ఇప్పుడు ముందు దిగి, గట్టు తగ్గిన చోటు వెతుకుతాను. వెనక కమాన్ పట్టీలు బరువు కోసం చేసినవి గనుక ఖాళీ బండి గతుకుల్లో ఎగురుతుంది. నాలుగు ధాన్యం బస్తాలు వేస్తే ఎంత కుదురుగా నడుస్తుందో, వెనక సీట్లో నిద్రపోయే మా అమ్మే సాక్ష్యం.

ఎక్కడంకన్నా దిగడం నాకు ఇంకా ఇష్టం. దిగుడులో బండి తానే బ్రేకు వేసుకుంటూ నెమ్మదిగా దిగేలా చేసే డౌన్‌హిల్ అసిస్ట్ బటన్ నొక్కి, బ్రేకు మీది పాదం తీసేసి, స్టీరింగ్ ఒక్కటే చూసుకుంటూ అద్దాలు దించితే, టైర్ల కింద ఒక్కో రాయి కదిలే చప్పుడు వినిపిస్తుంది.