లఫయెత్ సమాధి నుంచి ఒమాహా బీచ్ దాకా: ఎక్కడ ఎంతసేపు ఉండాలి

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న మిత్రసేనలు దిగిన ఫ్రాన్స్ తీరప్రాంతం నార్మండీలో అమెరికన్ సైనికుల సమాధులు చూడాలనుకునేవాళ్లు ముందు పారిస్‌లో ఒక మధ్యాహ్నం పిక్‌పూస్ శ్మశానానికి ఇవ్వాలి. 19 ఏళ్లకే అమెరికా వెళ్లి స్వాతంత్ర్య పోరాటంలో దిగిన ఫ్రెంచ్ ప్రభువు లఫయెత్ సమాధి ఇక్కడే. ఆ పోరాటంలోని యుద్ధభూమి బంకర్ హిల్ మట్టి తెప్పించి అందులో వేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగాక, 1917 జులై 4న అమెరికన్ అధికారి కల్నల్ స్టాంటన్ ఇక్కడ నిలబడే "లఫయెత్, మేం వచ్చేశాం" అన్నాడు (చాలామంది ఆ మాటను అప్పటి అమెరికన్ సేనాపతి జనరల్ పెర్షింగ్ ఖాతాలో వేస్తుంటారు). అక్కడి అమెరికా జెండాను ఏటా జులై 4న మారుస్తారు. నాసియోఁ మెట్రోలో దిగితే నడిచి వెళ్లొచ్చు. పొద్దున వెళ్తే గేటు మూసి ఉంటుంది, ఆదివారం అసలు తీయరు.

నార్మండీలో మకాం బాయో పట్టణంలో పెట్టుకోవడం మేలు. 1944 జూన్ 7నే జర్మన్ల నుంచి విముక్తి పొందడంతో పాత వీధులు చెక్కుచెదరలేదు. పారిస్‌లోని సేఁ లజార్ స్టేషన్ నుంచి నేరుగా వచ్చే రైలుకు రెండు గంటల పైచిలుకు పడుతుంది. పారిస్ నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చే ప్యాకేజీల్లో సగం పొద్దు బస్సులోనే గడిచిపోతుంది. శాకాహారులకు బక్‌వీట్ పిండితో చేసే గోధుమరంగు అట్టు, గాలెట్ దిక్కు. 'కంప్లెత్' అని చెబితే మాత్రం పంది మాంసం వస్తుంది. జున్ను, పుట్టగొడుగులు వేయమని విడిగా చెప్పాలి.

ఒమాహా బీచ్ పైనున్న కోల్‌విల్ అమెరికన్ సైనిక శ్మశానం బాయోకి సుమారు 17 కి.మీ. బస్సులు తక్కువ కాబట్టి తిరుగు బస్సు వేళ చూసుకున్నాకే బయల్దేరాలి. ప్రవేశం ఉచితం. 9,380కి పైగా సమాధులున్నాయి, కనీసం మూడు గంటలు కావాలి. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కొడుకు జనరల్ రూజ్‌వెల్ట్ జూనియర్ పక్కన 1918లో నేలకూలిన పైలట్, ఆయన తమ్ముడు క్వెంటిన్ ఉన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధ మృతుడు ఇక్కడ ఇతనొక్కడే. బంధువులు వస్తే సిబ్బంది ఒమాహా బీచ్ తడి ఇసుకను రాతి అక్షరాల్లో రుద్దుతారు. తెల్లరాతి మీద పేరు ఫొటోలో కనబడాలంటే అదొక్కటే దారి.

1944లో అమెరికన్ పారాట్రూపర్లు దిగిన ఊరు సేంత్ మేర్ ఎగ్లీజ్‌కి కారాంతాఁ స్టేషన్‌లో దిగి టాక్సీ తీసుకోవాలి. చర్చి గోపురానికి వేలాడే పారాట్రూపర్ బొమ్మ దగ్గరే జనమంతా ఫొటోలకు ఎగబడతారు. దానికి పది నిమిషాలు చాలు. ఈ ఊరి అసలు కథ అప్పటి మేయర్ భార్య సిమోన్ రెనోది. ఊరి చుట్టూ తాత్కాలికంగా పాతిపెట్టిన అమెరికన్ సైనికుల సమాధులపై పూలుంచి, అమెరికాలోని తల్లుల ఉత్తరాలకు ఏళ్ల తరబడి జవాబులు రాసింది. 1948కల్లా మృతదేహాలను తరలించేశారు గానీ ఉత్తరాలు ఆగలేదు.

సేనలు దిగిన రోజు గుర్తుగా వేడుకలు జరిగే జూన్ 6 వారంలో గదులు నెలల ముందే నిండిపోతాయి, దారులు మూసేస్తారు. సమాధుల దగ్గర నెమ్మదిగా నిలబడాలంటే సెప్టెంబరు నయం.