విజయవాడ కోర్టుల వెనక మెస్: ప్లీడరు గారి చేతి వంట

విజయవాడ గవర్నర్‌పేటలో సివిల్ కోర్టుల వెనక సందులో ఒక మెస్ ఉంది. నేను ఆ కోర్టులోనే జూనియర్ లాయర్ని. మధ్యాహ్నం భోజనం ఎక్కువగా అక్కడే. మెస్ నడిపే మేడం ఒకప్పుడు మా కోర్టులోనే ప్లీడరు, సివిల్ సైడు మంచి ప్రాక్టీసు ఉండేది. పేరు ఎక్కడా రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. కోర్టు గేటు దగ్గర ఏ గుమస్తాని అడిగినా దారి చెప్తారు.

ముందు భోజనం సంగతి. ఫుల్ మీల్స్ 120 రూపాయలు. పప్పు, వేపుడు, కూర, రోటి పచ్చడి, సాంబారు, చారు, పెరుగు. ఇంకో చెంచా నెయ్యి అడిగితే మొహం ముడుచుకోరు. నాకు అన్నిటికన్నా ఇష్టం దొండకాయ వేపుడు. చాలా మెస్సుల్లో దొండకాయల్ని నూనెలో ముంచి తీసి, పైన కారప్పొడి చల్లేస్తారు. రెండు ముద్దలకే వెగటు పుడుతుంది. ఇక్కడ కాయని నిలువుగా సన్నగా తరిగి, ఇనుప మూకుడులో కొద్ది నూనెతో, మూత పెట్టకుండా సన్న సెగ మీద వేయిస్తారు. ఉప్పు చివర్లోనే. ముందే వేస్తే నీళ్లూరి ముక్క మెత్తబడిపోతుందట. అంచులు కరకరలాడతాయి, మధ్యలో కండ అలాగే ఉంటుంది. కందిపొడి అన్నంలోకి ఆ వేపుడు నంచుకుంటే ఇంక కూర జోలికి వెళ్లక్కర్లేదు.

గురువారం ఉలవచారు ఉంటుంది. ముందురోజు రాత్రి నానబోసిన ఉలవలు తెల్లారకముందే పొయ్యెక్కుతాయి. ఉడికాక ఆ నీళ్లు వంచి, చింతపండు పులుసు కలిపి, చిక్కబడేదాకా మరిగిస్తూనే ఉంటారు. పిండి కలిపి చిక్కబరిచే పని ఇక్కడ లేదు. గరిటె వెనక వైపు వేలితో గీస్తే ఆ గీత చెదరకుండా నిలవాలి, అప్పుడే దించుతారు. వేడన్నంలో ఆ చారు, మీద కాస్త మీగడ. కృష్ణా జిల్లా వాళ్లకి నేను వేరే చెప్పాలా!

లోపాలూ ఉన్నాయి. చేతులు కడుక్కోవడానికి పంపు ఒక్కటే, కోర్టు లంచ్ టైములో అక్కడే తోపులాట. కూర అయిపోతే మళ్లీ వండరు. వాదనలు సాగి లేటుగా వచ్చినవాళ్లు పప్పూ చారుతో సరిపెట్టుకోవాలి. సాంబారులో బెల్లం ఎక్కువ, ఈ విషయం మేడంకి కూడా చెప్పాను.

ఇంత వివరంగా రాయడానికి ఇంకో కారణం మా చెల్లెలు. ఇంటర్ అయింది. ఐదేళ్ల లా కోసం లాసెట్ రాసింది, హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్ష జేఈఈ కూడా రాసింది. ఇంట్లో రోజూ ఇదే చర్చ. "లా చదువుకో, లాయరుగా ఉంటూనే హోటలు పెట్టుకోవచ్చు" అని నాన్న తేల్చేశారు. దాన్ని తీసుకుని మెస్‌కి వెళ్లి, భోజనాలయ్యాక మేడం ముందు కూర్చోబెట్టాను.

"రెండూ ఒకేసారి కుదరవమ్మా" అని మొదలుపెట్టారావిడ. లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ రూల్స్‌లో 47వది చూపించారు. ప్రాక్టీసులో ఉన్న అడ్వకేటు స్వయంగా వ్యాపారం చేయకూడదు. వృత్తి గౌరవానికి భంగం లేని వ్యాపారమని రాష్ట్ర బార్ కౌన్సిల్ భావిస్తే, డబ్బు పెట్టి నడపడంలో కలగజేసుకోని స్లీపింగ్ పార్ట్‌నర్‌గా ఉండొచ్చు, అంతే. రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి అది వర్తించదు. అందుకే ప్రాక్టీసు సస్పెండ్ చేయమని ఆవిడే రాసిచ్చి, ఆ తర్వాతే మెస్ తెరిచారు. పిల్లల్ని లాలో చేర్చే తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఈ రూలు తెలుసు? మా నాన్నకి తెలియదు.

లా వైపు సంగతి నేను చెప్పాను. ఐదేళ్ల చదువు, ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్లో లాయరుగా పేరు నమోదు), ఆలిండియా బార్ పరీక్ష, ఆపైన సీనియర్ దగ్గర ఫైళ్లు మోయడం. నగరాల్లో జూనియర్లకు నెలకు 20 వేలు ఇవ్వమని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో చెప్పింది. అది సలహా మాత్రమే, ఇవ్వకపోతే అడిగేవాళ్లు లేరు. జడ్జి అవుదామన్నా, మూడేళ్ల ప్రాక్టీసు లేనిదే జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయడానికి లేదని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చదువవగానే నేరుగా ఆ పరీక్షకు కూర్చునే వీలు పోయింది.

వంట వైపు మేడం ఏదీ దాచలేదు. హైదరాబాద్ విద్యానగర్‌లో ఐహెచ్ఎం (హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ) ఉంది, బీఎస్సీ మూడేళ్లు. వంట మీదే దృష్టి అయితే తిరుపతిలో ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఎక్కడ చదివినా పెద్ద హోటల్లో చేరేది కమీగానే, అంటే కిచెన్లో అట్టడుగున. ఉల్లిపాయలు తరగడం, ఫ్రిజ్‌లు సర్దడం, పది పన్నెండు గంటలు నిలబడటం. అందరూ పండగ చేసుకునే రోజే మనకి పని ఎక్కువ. ఆవిడ మాత్రం కాలేజీలో కాకుండా పెళ్లి వంటల మాస్టర్ దగ్గర నేర్చుకున్నారు. మొదట్లో ఆయన గరిటె కూడా ముట్టుకోనివ్వలేదట, అన్నం వార్చడమే పనట.

"రేపు పొద్దున ఆరింటికి రా" అన్నారు. మా చెల్లెలు వెళ్లింది. దొండకాయలు తరిగింది, చూపుడు వేలు బొబ్బలెక్కింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పింది మాత్రం వంట గురించి కాదు, మెస్ లీజు గురించి. ఇంటి ఓనరు అందరిలాగే 11 నెలల అగ్రిమెంటు ఇస్తానంటే మేడం ఒప్పుకోలేదట. గ్యాస్ లైనుకీ, చిమ్నీకీ, డ్రైనేజీకీ డబ్బు పోశాక ఓనరు ఖాళీ చేయమంటే దిక్కేది? అందుకని ఐదేళ్లకి లీజు రాయించి రిజిస్టర్ చేయించారు. ఐదేళ్ల లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కదా. ఆ డాక్యుమెంటు జిరాక్సు అడిగి తెచ్చుకుని మరీ, రిన్యూవల్ క్లాజు (లీజు పొడిగింపు షరతు) ఎందుకలా రాశారని రాత్రి పదకొండు దాకా నా బుర్ర తిన్నది.

మర్నాడు మేడం నాతో, "మీ చెల్లెలు ఉలవచారు గురించి ఒక్క ముక్క అడిగింది, లీజు గురించి బోలెడు అడిగింది. చేతి పని శుభ్రంగానే ఉంది, కానీ ఆ అమ్మాయి బుద్ధి కాగితాల మీదుంది" అన్నారు. నాకూ అదే నిజమనిపించింది. లాసెట్ కౌన్సెలింగ్‌కి వెళ్తానని తనే నాన్నతో చెప్పింది. డబ్బులు కట్టి ఆప్టిట్యూడ్ టెస్టులు రాయించే బదులు, పిల్లల్ని ఇలా ఒక రోజు పనిలో నిలబెట్టి చూడటం ఎంతో మేలు. వంటవైపు మనసున్న పిల్లలుంటే మేడంని అడగండి, తీరిక ఉంటే కాదనరు.

మెస్‌కి ఆదివారం సెలవు. ఉలవచారు కావాలంటే గురువారం ఒంటిగంట లోపే వెళ్లండి, పార్శిల్ కూడా ఇస్తారు. గిన్నె మీరే తెచ్చుకోవాలి, వేడి చారు ప్లాస్టిక్ కవర్లో పొయ్యరు.