హత్య అప్పీలు: చూసిన సాక్షా, పరిస్థితుల గొలుసా?

కళ్లారా చూసిన సాక్షి ఉంటే కేసు గట్టిదనీ, ఎవరూ చూడకపోయినా చుట్టూ ఉన్న ఆనవాళ్లను కలిపి నేరాన్ని చూపే పరిస్థితుల సాక్ష్యమైతే బలహీనమనీ చాలామంది అనుకుంటారు. అంత సులువు కాదు.

ప్రత్యక్ష సాక్షి ఉన్నచోట అసలు ప్రశ్న ఒక్కటే: ఈ మనిషిని నమ్మొచ్చా? నమ్మదగ్గవాడైతే ఒక్కడు చాలు. హత్యకు కారణం రుజువు కాకపోయినా శిక్ష నిలుస్తుంది. చీకట్లో ముఖమెలా పోల్చుకున్నాడు, పోలీసులకు చెప్పడానికి రెండ్రోజులెందుకు పట్టింది అన్నవే డిఫెన్సు లాయరు పట్టుకునే కొసలు.

పరిస్థితుల సాక్ష్యానికి పరీక్ష కఠినం. శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో 1984లో సుప్రీంకోర్టు ఐదు షరతులు చెప్పింది. వాటి సారం: ప్రతి పరిస్థితీ రుజువు కావాలి, గొలుసు తెగకూడదు, నిందితుడు నిర్దోషి అనుకోవడానికి సందు మిగలకూడదు. ‘చేసి ఉండొచ్చు’ చాలదు, ‘చేసే ఉండాలి’ అనిపించాలి.

ఉదాహరణకు, ఇద్దరూ కలిసి వెళ్లడం సాయంత్రం ఆరింటికి ఎవరో చూశారు. శవం మర్నాడు మధ్యాహ్నం దొరికింది. మధ్యలో మూడోమనిషి రాలేదని చెప్పేదెవరు? నిందితుడు చూపిస్తేనే కత్తి దొరికిందంటారు. తీరా కత్తి దొరికినప్పుడు అక్కడే ఉన్నానని పంచనామాలో సాక్షి సంతకం చేసిన మధ్యవర్తి, ‘సంతకం స్టేషన్లోనే పెట్టానండీ’ అంటాడు. ఇంకో లంకె ఊడింది.

నా మటుకు నాకు తడబడే సాక్షి కంటే బాగా అల్లిన గొలుసే నయం. కాల్ రికార్డుకు చుట్టరికమూ పగా ఉండవు. కాకపోతే ఫోన్ ఎక్కడుందో చెబుతుంది గానీ, ఎవరి చేతిలో ఉందో చెప్పదు.

సహేతుక సందేహం కొలత, అంటే తగిన కారణమున్న అనుమానమేదీ మిగలకుండా నేరం రుజువు కావాలన్న నియమం, మాత్రం రెండింటికీ ఒకటే. కింది కోర్టు విడుదల చేసిన కేసులో రెండు అభిప్రాయాలకూ వీలుంటే, మామూలుగా అప్పీలు కోర్టు ఆ తీర్పును కదపదు.