ముక్కులో ఇరుక్కున్న పూస: పట్టకారా, నోటితో ఊదడమా?

గుండ్రటి పూసకో, శనగగింజకో పట్టకారు పనికిరాదు. కొసలు జారి అది ఇంకా లోపలికి పోతుంది. అక్కణ్ణుంచి గొంతులోకి జారితే ఊపిరికే ముప్పు. అంచు పైకి కనబడే కాగితం, స్పాంజి ముక్కలకైతే సరే, అదీ పిల్లాడు కదలకుండా ఉంటేనే (ఉంటాడా అన్నది వేరే సంగతి).

ఊదడమే నయం. ఖాళీ ముక్కు రంధ్రాన్ని వేలితో మూసి, అమ్మో నాన్నో బిడ్డ నోటికి నోరు గట్టిగా ఆనించి, ముందు మెల్లగా ఊదాలి. గాలికి అడ్డు తగిలినట్టు అనిపించగానే ఒక్కసారి గట్టిగా ఊదాలి. సుమారు 60 శాతం సార్లు బయటికొచ్చేస్తుంది. రాకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికే.

బటన్ బ్యాటరీ (వాచీల్లో, బొమ్మల్లో ఉండే చిన్న బిళ్ళలాంటి బ్యాటరీ) అయితే రెండూ వద్దు. కొన్ని గంటల్లోనే లోపలి పొర కాలిపోతుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇరుక్కున్నది చెవిలో అయితే ఊదడం పనిచేయదు. చెవిలో గింజ ఉంటే నీళ్ళూ పోయకండి, ఉబ్బి బిగుసుకుంటుంది.