గేమ్ సర్వర్ ఖర్చు: విరాళాలా, అమ్మకాలా?

వాలంటీర్లు కోడ్ రాసి నడిపే గేమ్ సర్వర్‌కి జీతాల బెడద ఉండదు గానీ, సర్వర్ కంప్యూటర్ అద్దె మాత్రం నెల తిరిగేసరికి కట్టాల్సిందే. ఆ డబ్బుకి ప్రధానంగా రెండు దారులున్నాయి.

మొదటిది విరాళాలు. పేట్రియాన్ లాంటి విరాళాల సైట్‌లో నెలనెలా కొంచెం ఇచ్చేవాళ్లు కొందరున్నా అద్దె గట్టెక్కుతుంది. ఓపెన్ కలెక్టివ్ అనే సైట్‌లో అయితే జమాఖర్చులు అందరికీ కనిపిస్తాయి. నా దృష్టిలో దీని అసలు బలం అదే: రాత్రిళ్లు మేల్కొని బగ్‌లు సరిచేసేవాళ్లకి, డబ్బు ఎటు పోతోందో తెలియకపోతే మనసు విరిగిపోతుంది. కాకపోతే ఆటగాళ్ల ఉత్సాహం తగ్గితే రాబడీ తగ్గుతుంది. కనీసం మూడు నెలల అద్దె ముందే దాచుకోవాలి.

రెండోది ఆటలోనే అమ్మకాలు. డబ్బు త్వరగా వస్తుంది. కానీ బలమైన కత్తి, కవచం అమ్మితే గెలుపు కొనగలిగినవాడిదే. మైన్‌క్రాఫ్ట్ సర్వర్లలో ఇది ముదరడంతో 2014లో ఆ గేమ్ తయారుచేసిన మొజాంగ్ కంపెనీ నిబంధనలు స్పష్టం చేసింది: విరాళాలు తీసుకోవచ్చు, అలంకరణ వస్తువులు అమ్మవచ్చు, ఆటలో పైచేయి ఇచ్చేవి అమ్మకూడదు. పైగా డబ్బిచ్చి కొన్నవాడు కస్టమర్ అవుతాడు. సర్వర్ పడిపోతే అతనికి జవాబు చెప్పాల్సింది జీతం లేని వాలంటీరే.

నేనైతే విరాళాలవైపే. చాలకపోతే ఆటలో పాత్రలకి టోపీలు, రంగులు అమ్మండి. ఏ దారైనా సరే, సర్వర్ ఖాతా, డొమైన్ (వెబ్ చిరునామా) ఒక్కరి చేతిలోనే ఉంచకండి.