హార్డ్‌విక్ హాల్: నాలుగు వందల ఏళ్ల నిజమైన ఇల్లు, రెండు రాత్రుల బూటకపు బస

ఇంగ్లండ్‌లో పాతకాలపు ఇంట్లో బస చేయాలనుకునే వారు డబ్బు కట్టే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి: మాకిచ్చే గది ఏ కట్టడంలో ఉంది, దాన్ని ఏ సంవత్సరంలో కట్టారు? ఈ ప్రశ్న అడగనందువల్ల మేము రెండు రాత్రులకు 248 పౌండ్లు, దానిపైన పాత ఇంటి గది అన్న పేరుతో మరో 30 పౌండ్లు చెల్లించి మోసపోయాము.

మంగళగిరి నుంచి వచ్చిన మా అమ్మకు డెర్బీషైర్‌లోని హార్డ్‌విక్ హాల్ చూపించాలని రెడింగ్ నుంచి కారులో బయలుదేరాము. బస ప్రకటనలో రాతి గోడలు, నల్లబడిన దూలాలు, చట్టప్రకారం సంరక్షిత కట్టడం అన్న మాట చూసి, అమ్మకు నచ్చుతుందని నేనే పట్టుబట్టి బుక్ చేశాను. రాత్రి ఎనిమిదింటికి చేరాము. ఫోటోలోని రాతి ఇల్లు నిజంగానే ఉంది, కానీ అందులో యజమానులే ఉంటున్నారు. మమ్మల్ని పెరడు దాటించి, వెనుక కొత్తగా కట్టిన వరుస గదుల్లో ఒకదానికి తీసుకుపోయారు. గోడను వేలితో కొడితే డొల్లగా మోగింది. పైనున్న దూలం చివర అతుకు విడిపోయి, లోపల తెల్లటి నురుగు దిమ్మె కనబడింది. అమ్మ దాన్ని తట్టి చూసి, “మన పెంకుటింటి దూలం తడితే బరువు తెలుస్తుందమ్మాయ్, దీనికి బరువే లేదు” అని మంచం మీద కూర్చుండిపోయింది. ఆ రాత్రి ఆమె ఇంకేమీ మాట్లాడలేదు.

మా వారు వెళ్లి అడిగితే, సంరక్షణ ఆ ఆవరణ మొత్తానికి వర్తిస్తుందని జవాబు వచ్చింది. ఇది పొరపాటు. సంరక్షిత ఇంటి ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచి ఉన్న కట్టడాలకే ఆ రక్షణ వర్తిస్తుంది. సంరక్షిత కట్టడాల జాబితాను ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. మా వారు ఆ పేజీని ఫోన్‌లో తెరిచి చూపించిన తరువాతే 30 పౌండ్లు తిరిగి ఇచ్చారు, మిగిలిన 248 పౌండ్ల సంగతి ఎత్తనివ్వలేదు. చల్లారిపోయిన టోస్టు, గుడ్డుతో పెట్టిన అల్పాహారానికి మనిషికి 11 పౌండ్ల 50 పెన్నీలు విడిగా తీసుకున్నారు.

మరునాడు ఉదయం హార్డ్‌విక్ చేరేటప్పటికి ముగ్గురి మనసులూ చేదుగానే ఉన్నాయి. ఎం1 రహదారిలో 29వ జంక్షన్ దగ్గర దిగితే ఆ ఇల్లు చాలా దగ్గర. గుట్ట మీద ఆరు బురుజులతో, గోడల కంటే కిటికీలే ఎక్కువగా నిలబడిన ఆ ఇంటిని చూడగానే అమ్మ కారు ఆపమంది. గోడల కంటే గాజే ఎక్కువని ఆ ప్రాంతపు వాళ్లు ప్రాస కట్టి చెప్పుకునే సామెత ఈ ఇంటి గురించే.

కట్టించింది ఒక స్త్రీ, బెస్ ఆఫ్ హార్డ్‌విక్‌గా పేరుపడ్డ ఎలిజబెత్ (రాణి ఎలిజబెత్ కాదు). పక్కనే, ఇప్పుడు శిథిలమైన పాత హాలు పనులు ఇంకా పూర్తి కాకుండానే, 1590లో నాలుగో భర్త ష్రూస్‌బరీ ఎర్ల్ చనిపోయిన ఏడాది, అరవై దాటిన వయసులో ఎలిజబెత్ ఈ కొత్త ఇంటికి పునాది వేయించి 1597లో అందులోకి మారింది. ప్లాను వాస్తుశిల్పి రాబర్ట్ స్మిత్సన్‌దని చెబుతారు. గాజు బాగా ఖరీదైన ఆ రోజుల్లో, పై అంతస్తుకు పోయేకొద్దీ కిటికీలు పొడవు పెరిగేలా కట్టారు. పనివాళ్లు కింద, కుటుంబం మధ్యన, రాణి స్థాయి అతిథుల కోసం అలంకరించిన గదులు అన్నిటికన్నా పైన. బురుజుల తలపై రాతిలో చెక్కిన ఈ.ఎస్. అక్షరాలు ఎలిజబెత్ ష్రూస్‌బరీ పేరును చాలా దూరం వరకు చాటుతాయి. ముఖభాగం రెండు వైపులా ఒకేలా కనబడాలని కొన్ని కిటికీల వెనుక గదికి బదులు గోడే ఉంచారన్నది కూడా గమనించదగ్గది.

వెడల్పాటి రాతి మెట్లు మలుపులు తిరుగుతూ పైదాకా వెళ్తాయి. అమ్మ మోకాళ్ల కోసం రెండుసార్లు ఆగి ఎక్కాము. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవారు దీనికి అరగంట ఎక్కువ పెట్టుకోవాలి. పైన సుమారు 50 మీటర్ల పొడవైన లాంగ్ గ్యాలరీలో అడుగుపెట్టగానే అమ్మ నిరాశపడింది. వెలుతురు కోసం కట్టిన ఇంట్లో కిటికీలకు పరదాలు దించి, మసక చీకటి చేసి ఉంచారు. గోడల నిండా వేలాడుతున్న, బైబిల్‌లోని గిడియన్ కథ చెప్పే నేత తెరల రంగు వెలిసిపోకుండా అలా చేస్తారని అక్కడి స్వచ్ఛంద సేవకురాలు ఓపికగా చెప్పింది. నేను తెలుగులో చెప్పగానే అమ్మ, “అవును మరి, పట్టుచీరను ఎండలో ఆరేస్తామా!” అంది.

అమ్మ పుట్టింట్లో గుంట మగ్గం ఉండేది. అందుకే ఆ 13 తెరల దగ్గర మేము గంటన్నర గడిపాము. రాణి ఎలిజబెత్ కొలువులో ఛాన్సలర్‌గా ఉన్న సర్ క్రిస్టఫర్ హట్టన్ కోసం ఫ్లాండర్స్‌లో నేసిన వాటిని, ఆయన మరణానంతరం ఈ ఇంటి ఎలిజబెత్ 326 పౌండ్ల 15 షిల్లింగుల 9 పెన్నీలకు కొన్నది. హట్టన్ వంశచిహ్నాలను కప్పి తనవి వేయించుకోవాలి కనుక ధరలో 5 పౌండ్లు తగ్గించుకుంది. హట్టన్ గుర్తయిన ఆడలేడికి కొమ్ములు గీయించి, తన రెండో భర్త కావెండిష్ వంశపు మగదుప్పిగా మార్చేసింది. కొమ్ముల దగ్గర రంగు నేతలోకి ఇంకకుండా పైన నిలిచిన తేడాను నాకంటే ముందు అమ్మే పట్టింది. ఈ ఇంట్లో చివరిగా నివసించిన డెవన్‌షైర్ డచెస్ ఎవలిన్ తన చేతులతో తెరలను రఫ్ఫు చేసేదని, తరువాత, చారిత్రక కట్టడాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్టు నిపుణులు ఈ తెరలన్నిటినీ బాగుచేయడానికి 24 ఏళ్లు పట్టి 2023లో ముగించారని విని, అమ్మ తన చీర అంచు మీది రఫ్ఫును ఆ సేవకురాలికి చూపించింది. ఒకరి భాష మరొకరికి రాదు. ఐదు నిమిషాలు వేళ్లతోనే కుట్టు గురించి మాట్లాడుకున్నారు.

వారసత్వపు పన్నుల కింద ఈ ఇల్లు ప్రభుత్వానికి వెళ్లి, 1959లో ట్రస్టు చేతికి వచ్చింది. ట్రస్టు సభ్యులకు ప్రవేశం ఉచితం కనుక మేము అమ్మకు మాత్రమే టికెట్ కొన్నాము. ఇంటి వేళలు, తోట వేళలు వేరు కావచ్చు కాబట్టి ముందే చూసుకోవాలి. మూడో రోజు డెర్బీషైర్‌లోనే ఉన్న మరో పాత భవనం చాట్స్‌వర్త్ ప్రశాంతంగా చూశాము.

తిరుగు ప్రయాణంలో అమ్మ మరొకసారి హార్డ్‌విక్ వైపు తిప్పమంది. పడమటి ముఖం మీద సాయంత్రపు ఎండ పడి అద్దాలన్నీ రాగి రంగులో మెరుస్తున్నాయి. ఆమె కారు దిగి, ఆ కొమ్ములు గీసిన దుప్పి ఉన్న తెర ఆ అద్దాలకు వెనుక, ఇంటి అవతలి వైపున ఎక్కడ ఉంటుందో వేలితో లెక్కపెట్టి, మా వారితో, “అదిగో బాబూ, అక్కడ” అని చూపించింది.